ఎస్తేరు మేడమ్ జాలి

ఈ ఉదయం న్యాల్‌కల్ దగ్గర ఒక బర్రెకు సూది వేసి, అల్లం చేను గట్టు మీదుగా తిరిగి వస్తూ, కొత్తగా కట్టిన ముళ్ల తీగను వేలితో మీటాను. టుంగ్‌మని మోగాల్సింది, టప్‌మంది. ఆ చచ్చు చప్పుడు వినగానే నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చేను మనిషి మోటారు దగ్గర ఉన్నాడు. కేకేసి పిలిచి తీగ సంగతి చెప్పాను. అతను అంతా విని, తల గోక్కుని, నన్ను ఒక ప్రశ్న అడిగాడు. దానికి నేను ఒక అబద్ధం చెప్పాను. ఇద్దరు పిల్లల తల్లిని, పొద్దున్నే ఎవరూ అడగని అబద్ధం ఎందుకు ఆడానా అని స్కూటర్ ఎక్కాక నాకే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తడిశాయి కూడా. ఆ అబద్ధమేమిటో చివర చెప్తాను. ముందు, దారిన పోతూ తీగలు మీటే పిచ్చి నాకు అంటించిన మనిషి గురించి చెప్పాలి.

ఎస్తేరు మేడమ్ పశువుల డాక్టరు. పుట్టింది రాయికోడ్ దిక్కు పల్లెలో. పని చేసింది చాలా ఏళ్లు ఝరాసంగం చుట్టుపక్కల ఊళ్లలో. పొట్టి మనిషి, చీర కుచ్చిళ్లు ఎగదోపి కాళ్లకు మగవాళ్ల బూట్లు తొడిగేది. గొంతు మాత్రం ఆమె ఎత్తుకు సరిపడినది కాదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు పెదవులు కదిలిస్తే సరిపోయేదట. మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో రైతుల్ని తిట్టేది. ఆమె తిట్లకు ఎవరూ బాధపడటం నేను చూడలేదు. తిట్టలేదంటేనే జనం కంగారుపడేవాళ్లు, పశువుకు నయం కాదేమోనని.

మాది తణుకు వైపు. నాన్నకు జహీరాబాద్ ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో నా చిన్నప్పుడే ఇటు వచ్చేశాం. వచ్చామన్న మాటే గానీ ఫ్యాక్టరీ కాలనీలో అందరం మా వైపువాళ్లమే. మా పప్పుచారు మాది, మా అండీలు మావి. గేటు దాటితే వేరే తెలుగు ఉందని నాకు తెలుసు, కానీ బజార్లో కూరగాయలు కొనుక్కునేంత మటుకే తెలుసు. పశువుల డిప్లొమా చదివి ఎస్తేరు మేడమ్ దవాఖానాలో సహాయకురాలిగా చేరిన మొదటి రోజున ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసి, "కుక్కలంటె భయమా?" అనడిగింది. వాకిట్లో పడుకున్న ఊరకుక్కకు దూరంగా గోడవారన నడిచి రావడం చూసినట్టుంది.

"అవునండీ," అన్నాను, ఉద్యోగం ఆరోజే పోతుందనుకుంటూ.

"మంచిదే. భయం లేనోళ్లే కరిపించుకుంటరు. నువ్వు జర దూరముండి చూస్తవు, గదే పనికొస్తది. ఏ ఊరు మీది?"

"తణుకండీ."

"గోదారి పిల్లవా? అయితె ఇగ నీ పేరు గోదారే. వరలక్ష్మీ అని పిలిచేసరికి ఆవు ఈనుతది."

అంతే, ఆ రోజు నుంచి నేను గోదారినే. దవాఖానాకి వచ్చే రైతులు కూడా "గోదారక్కా" అనేవాళ్లు. నా అసలు పేరు అక్కడ జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు.

ఆమె దగ్గర నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఒకటి ఉండేది. పై గిన్నెలో పాత చీరల మెత్తటి పీలికలు, ఉప్పు పొట్లం. దాని కింద దూది, కట్టు బట్టలు. ఆ కింద కటింగ్ ప్లయరు, కత్తెర, సబ్బు బిళ్ల. అడుగు గిన్నెలో జొన్నరొట్టె, పప్పు. ఎక్కడికి వెళ్లినా ఆ క్యారియర్ స్కూటర్ కొక్కేనికి వేలాడుతూ ఉండాల్సిందే. ఈ సంగతి ఇంట్లో చెప్తే మా అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "కుక్క కట్లూ అన్నమూ ఒకే క్యారియర్లోనా, ఆ ఇంటి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకు," అంది. నేను ఊరుకోక ఆ మాట మేడమ్‌తో అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "ఆకలైతె చెయ్యి వణుకుతది బిడ్డా. వణికే చేత కట్టు కడితె ఊడుతది. అన్నం గుడ ఫస్టెయిడే. మీ అమ్మకు చెప్పు, గిన్నెలు నేనే తోముత, ఇంకెవ్వల్ని ముట్టనియ్య," అంది. ఆ మధ్యాహ్నమే ఆ అడుగు గిన్నెలోంచి రొట్టె తిన్నాను. అమ్మకు చెప్పలేదు.

ఇక జాలి సంగతి. నేను చేరి వారం కూడా తిరగలేదు. మేడమ్, దవాఖానా వెనక ఉన్న కొట్టంలో, ఈనలేక అవస్థపడుతున్న బర్రె దగ్గర ఉంది. దవాఖానా ఫోన్ మోగింది. అవతల ఒక ఆడమనిషి రొప్పుతూ, "అక్కా, నేను సంగమ్మను, మా మోతి జాలిల పడ్డది, మేడమ్‌ను జల్ది తోలియ్యి," అంది.

నాకు తెలిసిన జాలి ఒకటే. అయ్యో పాపం అనే జాలి. కుక్క జాలిలో పడటమేమిటో అర్థం కాలేదు. దిగులు పడిందనే మాటను వీళ్లు ఇలా అంటారు కాబోలనుకుని, చదివిన చదువంతా గుర్తు తెచ్చుకుని, "అన్నం తింటోందాండీ?" అని అడిగాను.

"అన్నమేందక్కా! ఏలాడుతున్నది!"

"నాలుకా?"

"కాలక్కా, కాలు!" అని ఫోన్ పెట్టేసింది.

నేను కొట్టంలోకి వెళ్లి, పొరపాటు లేకుండా చెప్పాలని, "మేడమ్, సంగమ్మగారి కుక్క దిగులుగా ఉందట. కాళ్లు వేలాడేసిందట," అని విన్నవించాను. మేడమ్ చెయ్యి భుజం దాకా బర్రె లోపల ఉంది. తల తిప్పి నా వంక చూసింది.

"దిగులన్నదా, జాలిల పడ్డదన్నదా?"

"జాలి అనే అన్నారండీ."

"ఓ నా గోదారీ," అంది ఆవిడ, నవ్వాలో ఏడవాలో తెలీనట్టు. ఇంతలో దూడ కాళ్లు చేతికందాయి. రైతూ ఆవిడా కలిసి లాగారు. దూడ నేల మీద పడి తుమ్మడం, మేడమ్ బకెట్లో చెయ్యి ముంచి తీయడం, స్కూటర్ స్టార్టు చేయడం, అన్నీ ఒక్క ఊపులో జరిగాయి. నేను క్యారియర్ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారిలో గాలికి ఎదురుగా అరుస్తూ నాకు చెప్పింది. ఇక్కడ జాలి అంటే ఇనుప వల. చేల చుట్టూ అడవిపందులు రాకుండా కింద వల, పైన రెండు వరసలు ముళ్ల తీగ కడతారు. మొత్తాన్ని కలిపి జాలి అంటారు. కుక్క దాన్ని ఎగిరి దూకుతుంది. ముందు కాళ్లు దాటుతాయి. వెనక కాలు పై రెండు తీగల మధ్య దూరుతుంది. ఒళ్లు అవతలికి పడేసరికి ఆ రెండు తీగలూ మెలిపడి కాలిని బిగిస్తాయి. ఇక అది ఎంత గుంజుకుంటే అంత బిగుస్తుంది.

సంగమ్మ గొర్రెలు కాసుకునే మనిషి. భర్త పోయాక మందనంతా ఒక్కతే మేపుకుంటోంది. రాత్రుళ్లు చేలల్లో మంద పెట్టినప్పుడు తోడేళ్ల నుంచీ ఊరకుక్కల గుంపుల నుంచీ గొర్రెల్ని కాచేది మోతి ఒక్కటే. అది లేకపోతే సంగమ్మ మందను అమ్ముకుని కూలికి పోవాల్సిందే. ఈ మాట కూడా మేడమ్ దారిలోనే చెప్పింది. చెప్పాక యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పింది. స్కూటర్ గుంతలన్నిటి మీదుగా ఎగిరింది.

మేం వెళ్లేసరికి శివరాజప్ప అల్లం చేను దగ్గర నలుగురు పోగయ్యారు. జాలి ఆయనదే. పెద్దమనిషి, తెల్ల పంచె, కన్నడం కలిసిన మాట. మోతి తలకిందులుగా వేలాడుతోంది. ముందు కాళ్లు నేలకు ఆనీ ఆనకుండా ఉన్నాయి. పసుపు రంగు పెద్ద కుక్క, అరిచి అరిచి గొంతు పోయి, ఇప్పుడు మూలుగుతోంది. సంగమ్మ దాని ముందు కూర్చుని ఏదేదో చెప్తోంది. శివరాజప్ప పంచె పైకి కట్టి, రెండు చేతులతో కుక్క నడుము పట్టుకుని లాగబోతున్నాడు.

"ముట్టకున్రి! గుంజకున్రి!" మేడమ్ గొంతుకు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

"పాపం మేడమ్, చూడలేక..." అన్నాడు శివరాజప్ప.

"నీ పాపంతోనె దాని కాలు ఊడుతది పటేలా. జరగు."

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మేడమ్ సంగమ్మ భుజం మీది గొంగడి తీసుకుని మోతి తల మీద మెల్లగా కప్పింది. చీకటైతే కుక్క కాస్త నెమ్మదిస్తుంది, కనబడనిదాన్ని కరవదు. గొంగడి కిందనుంచి చీర పీలికతో మూతికి ముడి వేసింది, ఊపిరి ఆడేంత వదులుగా. "నొప్పిల ఉన్న కుక్కకు తల్లి గుడ పరాయిదే, సంగమ్మా. నిన్ను గుడ కరుస్తది, నారాజ్ గాకు," అంది. ఆ తర్వాత నావైపు తిరిగి, "గోదారీ, ఎత్తుకో," అంది.

నేను వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు.

"నిన్నే. పొట్ట కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి. మీ తమ్మున్ని ఎత్తుకున్నట్టు ఎత్తు. బరువు తీగ మీద ఉండొద్దు, నీ మీద ఉండాలె. బరువు దిగినంక నేను తీగ తెంపుత. ముందుగల్ల తెంపితె ధబ్బున పడి ఇంకో కాలు ఇరుగుతది."

"మేడమ్, నాకు భయమండీ."

"తెలుసు. భయపడుకుంటనే పట్టు. భయం చేతులల్ల ఉండదు, కడుపుల ఉంటది. చేతులు ఖాళీగనే ఉన్నయి కదా."

పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో అడగొద్దు. మోతి గుండె నా మోచేతికి తగులుతూ దబదబా కొట్టుకుంటోంది. నా గుండె దాన్ని మించి కొట్టుకుంటోంది. రెండిటికీ పోటీ. ఒళ్లంతా గొర్రెల వాసన, మట్టి వాసన, నెత్తుటి వాసన. బరువు నా చేతుల్లోకి రాగానే దాని మూలుగు సగానికి తగ్గింది. అది నాకు తెలిసింది. నా చేతుల వల్ల ఒక ప్రాణికి నొప్పి తగ్గిందని తెలియడం అదే మొదలు. అప్పుడు కాస్త సిగ్గేసింది, చాలా సంతోషమేసింది.

మేడమ్ తీగకు పక్కగా నిలబడింది, ఎదురుగా కాదు. బిగువు మీద ఉన్న తీగ తెగితే పాములా లేచి మొహం మీదికి వస్తుంది. శివరాజప్పను తీగకు ఒక చివర గట్టిగా పట్టుకోమంది.

"కొత్త జాలి మేడమ్, మొన్ననే కట్టిన," అన్నాడాయన దిగులుగా.

"కుక్క గుడ కొత్తదే పటేలా, రెండేండ్లది. పట్టు," అని ప్లయరుతో టక్కున కత్తిరించింది. కాలు జారి నా చేతుల్లోకి వచ్చింది. నేను మోతితో సహా నేల మీద చతికిలబడ్డాను. ఎవరో నవ్వారు. సంగమ్మ నవ్వలేదు. పరుగున ఇంటికి వెళ్లొచ్చి పసుపు, కిరసనాయిలు సీసా పట్టుకుని నిలబడింది.

"పసుపు కూరల వెయ్యి, కిరోసిన్ దీపంల పొయ్యి," అంది మేడమ్. సంగమ్మ ఇంట్లో నీళ్లు కాయించి, చల్లార్చి, ఉప్పు కలిపించి గాయం మీద ధారగా పోసింది. రుద్దలేదు. తర్వాత కాలి వేళ్లు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. నా చెయ్యి తీసుకుని పాదం మీద పెట్టింది. చల్లగా ఉంది. మంచం కోడు పట్టుకున్నట్టు ఉంది.

"నెత్తురు నడుస్తలేదు," అంది మెల్లగా, సంగమ్మకు వినబడకుండా. సూదులు వేసి, దూది మందంగా పెట్టి వదులుగా కట్టు కట్టింది. సంగమ్మ అన్నీ చూస్తూనే ఉంది.

"మేడమ్, కాలు తీసేస్తరా?" అని అడిగింది.

"ఎచ్చగైతె ఉంటది. ఎచ్చగ గాకుంటె తియ్యాలె. అబద్ధం జెప్ప."

"మూడు కాళ్ల కుక్క తోడేలును ఆపుతదా మేడమ్?"

మేడమ్ కట్టు చివర మరోసారి సరిచేసింది. సంగమ్మ మోతి తలను ఒళ్లో పెట్టుకుని, "నాకు ఇదే కొడుకు, ఇదే కావలి," అంది. నేను అటు తిరిగి ఏడ్చాను. మేడమ్ చూసి, క్యారియర్ అడుగు గిన్నె విప్పి, రొట్టె సంగమ్మకు సగం, నాకు సగం ఇచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు మెల్లగా నడిపింది. దారిలో ఒక జాలి పక్కన స్కూటర్ ఆపి, పై తీగను వేలితో మీటింది. టుంగ్‌మంది. "ఇది మంచిది. బిగువున్న తీగ కుక్కను ఎనుకకు తోస్తది. ఢీలా ఉన్న తీగే మెలి వడ్తది," అంది. నా వంక చూసి కన్నీళ్ల చారలు గమనించి, "చూడు గోదారీ. మీ జాలి ఒకటి, మా జాలి ఒకటి. మా జాలిల పడ్డదాన్ని మీ జాలి తియ్యదు. తీస్తే చెయ్యి తియ్యాలె. పటేల్‌కు గుడ జాలే ఉండె, కాలు తెంపుతుండె. నువ్వు ఏడ్వు, తప్పులేదు. జర ఎత్తి పట్టుకుని ఏడ్వు," అంది. నా మొత్తం చదువులో ఇంత పనికొచ్చే పాఠం వేరే వినలేదు. ఇక నా 'దిగులుపడిన కుక్క' కథను ఆవిడ ఊరూరా చెప్పింది. ఏ ఊళ్లో బర్రెను పట్టుకోవడానికి వెళ్లినా "నాలుకా అనడిగిన అక్క నువ్వేనా?" అనేవాళ్లు.

రోజూ పొద్దున దవాఖానా తెరవకముందే సంగమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లం. మేడమ్ కట్టు విప్పి, ముందు నా చేతినే పాదం మీద పెట్టించేది. "ఎట్లుంది?" "చల్లగానే ఉందండీ." మళ్లీ మర్నాడు. "ఎట్లుంది?" "అంతేనండీ." సంగమ్మ మా మొహాలు చూసి చాయ్ పెట్టేది. ఒక అంచు వేలు నల్లబడింది. దాన్ని మేడమ్ తీసేసింది. రాత్రి మందకు సంగమ్మే కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటోందని ఆమె కళ్లు చూస్తేనే తెలిసేది.

ఒక పొద్దున కట్టు విప్పగానే, మేడమ్ చెప్పకముందే నేను చెయ్యి వేశాను. అప్పటికి మోతికి నా చేతిని వాసన చూసి వదిలేసే చనువు వచ్చింది. పాదం మీద చెయ్యి పెట్టి, తీసి, నా బుగ్గకు ఆనించుకుని, మళ్లీ పెట్టాను. నా చెయ్యే వేడిగా ఉందేమోనని అనుమానం. ఎడమ చేత్తో కూడా చూశాను.

"ఏందే, రొట్టె కాలుస్తున్నవా? ఎట్లుందో చెప్పు," అంది మేడమ్.

"వెచ్చగుందండీ," అన్నాను.

మేడమ్ తను చూసింది. వేలు నొక్కి వదిలింది. తెల్లబడిన చోటికి ఎరుపు మెల్లగా తిరిగొచ్చింది. సంగమ్మ వైపు చూసి తల ఊపింది. సంగమ్మ చేతిలోని చాయ్ గిన్నె కింద పెట్టి, మేడమ్‌ను వదిలేసి, వచ్చి నన్ను పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఊపిరాడలేదు. "ఎత్తి పట్టింది నువ్వే బిడ్డా," అంది. మేడమ్ వెనకనుంచి, "మరి సూదులిచ్చిందెవరే? చాయ్ నాకన్న ఇయ్యున్రి," అని గొణిగింది. అంత సంతోషంగా చాయ్ తాగిన పొద్దు నాకు మరొకటి లేదు.

కాలు బతికింది, కాస్త కుంటు మిగిలింది. అయినా మోతి కుదురుగా ఉండే రకమా? మళ్లీ అదే జాలి దూకుతుందని సంగమ్మకు బెంగ. కట్టేస్తే కావలి ఎలా? మేడమ్ ఒకరోజు శివరాజప్ప చేను గట్టున పారేసిన పాత డ్రిప్పు పైపు చూసింది. నల్ల పైపు, చేతి వేలంత లావు. దాన్ని కత్తెరతో నిలువునా చీల్చి, కుక్క ఎప్పుడూ దూకే చోట పై తీగకు తొడిగింది. ముళ్లు మూసుకుపోయాయి. కింది తీగను, పై తీగను పీలికలతో కలిపి కట్టింది. రెండూ కలిసి ఒకటైతే మధ్యలో కాలు దూరదు. "కుక్క రోజు ఒక్క తావునే దూకుతది పటేలా. దాని తొవ్వ దానికియ్యి, నీ జాలి నీకుంటది," అంది. శివరాజప్ప ముందు నవ్వాడు. తర్వాత చేను చుట్టూ వెతికి ఇంకో రెండు చోట్ల తనే తొడిగాడు. మూడో నెలకల్లా చుట్టుపక్కల చేలల్లో నల్ల పైపు ముక్కలు కనబడసాగాయి.

ఎప్పుడూ ఇలా నవ్వుతో ముగిసేది కాదు. ఒకసారి వేరే ఊళ్లో చెరుకు తోట పక్కన ఒక నల్ల కుక్క పడుంది. అప్పటికి నాకు ధైర్యం వచ్చేసింది. ఆ మాటకొస్తే కాస్త ఎక్కువే వచ్చింది. స్కూటర్ ఆగీ ఆగకముందే దూకి పరుగెత్తాను. వెనకనుంచి జడ పట్టి లాగింది మేడమ్. వెల్లకిలా పడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముట్టకు. తీగ చూడు."

చూశాను. కుక్క పక్కనుంచి సన్నటి తీగ ఒకటి చెరుకులోకి పోయింది. పందుల కోసమని ఎవరో దొంగతనంగా కరెంటు పెట్టారు. మేడమ్ నన్ను అక్కడే కూర్చోబెట్టి, రైతును పిలిపించి, అతనితోనే కరెంటు తీయించింది. తీశాడని కళ్లతో చూసుకున్నాక కూడా ఎండు వెదురు కర్రతోనే తీగను జరిపింది. కుక్క అప్పటికే పోయింది. మేడమ్ ఆ రైతును తిట్టలేదు. "నీ పిల్లలు గుడ గీ తొవ్వనే బడికి పోతరు," అని మాత్రం అంది. ఆ మనిషి అక్కడే కూలబడిపోయాడు. స్కూటర్ దగ్గరికి వచ్చాక ఆవిడ చేతులు వణుకుతున్నాయి. రొట్టె గిన్నె విప్పి నేనే ముక్క తుంపి ఇచ్చాను. తింటూ నా జడ సవరించి, "నొచ్చిందా?" అంది. నొచ్చిందన్నాను. "మంచిగైంది. యాదికుంటది," అంది. యాదికి ఉంది.

ఆవిడ రిటైరై సొంతూరు వెళ్లిపోయింది. నాకు న్యాల్‌కల్ వైపు బదిలీ అయ్యింది. ఫోన్లో మాత్రం వదల్లేదు. "ఇయ్యాల ఎన్ని తీగలు మీటినవ్ గోదారీ?" అని మొదలుపెట్టేది. పోయినేడు జబ్బు చేసి, ఎక్కువ బాధపడకుండానే వెళ్లిపోయింది. సమాధుల తోట ఊరి బయట ఉంది, చుట్టూ ముళ్ల తీగ. మేకలు రాకుండా కట్టినట్టున్నారు. పాస్టరుగారు వాక్యం చదివి పాట ఎత్తుకున్నారు. సంగమ్మ అంత దూరం నుంచి ఆటోలో వచ్చింది, ముసలి మోతితో సహా. కుక్కను బయట కూర్చోమని చెప్పి లోపలికొచ్చింది. నేను గోతి పక్కన నిలబడి, ఆ పెద్ద గొంతు లేకుండా జనం పాడుతున్న పాట ఎంత పలచగా ఉందో వింటూ ఏడుస్తున్నాను.

తల తిప్పేసరికి మోతి కంచె బయట లేచి నిలబడి ఉంది. సంగమ్మ కనబడక చెవులు రిక్కించింది. వెనక్కి రెండడుగులు వేసింది. ఆ వెనకడుగు ఎందుకో నాకు తెలుసు. పాట మధ్యలోనే పరుగెత్తాను. వెళ్తూనే పై తీగ మీద చెయ్యి వేశాను. ఢీలాగా ఉంది. మెడలోని చున్నీ లాగి, నాలుగు మడతలు వేసి, రెండు తీగల్నీ కలిపి చుట్టి, రెండు చివరలూ బిగించి పట్టుకుని నిలబడ్డాను. మోతి ఎగిరింది. వెనక కాళ్లు నా చున్నీని రాసుకుంటూ దాటాయి. కుంటుతూ పోయి, జనం కాళ్ల మధ్య దూరి, సంగమ్మ పక్కన కూర్చుంది.

పాట ఆగిపోయింది. అందరూ నా వంకే చూస్తున్నారు. ముళ్లకు చున్నీ చిరిగింది, నా అరచెయ్యి కూడా కాస్త గీసుకుంది. ముందు సంగమ్మ నవ్వింది. "ఏడ్సుకుంటనే పట్టింది సూడున్రి, మేడమ్ చెప్పినట్టే," అంది. ఆ మాట తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారక్కడ. ఒకరి తర్వాత ఒకరు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పాస్టరుగారు పుస్తకం మూసి, తనూ నవ్వి, పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఈసారి కాస్త గట్టిగానే పాడారు.

ఆ నాలుగు గిన్నెల క్యారియర్ ఇప్పుడు నా స్కూటర్‌కు వేలాడుతోంది. పై గిన్నెలోని పీలికల్లో ఆ చున్నీ కూడా ఉంది. అడుగు గిన్నెలో ఇప్పటికీ భోజనమే. మా అమ్మే కడుతుంది, ముక్కు మీద చెంగు లేకుండా.

ఇక ఈ ఉదయం సంగతి. న్యాల్‌కల్ చేను మనిషిని పిలిచి, "అన్నా, గీ తీగ జర గుంజి కట్టు. గిట్ల ఢీలా ఉంటె కుక్క కాలు మెలి వడ్తది. పాత డ్రిప్పు పైపుంటె చీరి తొడుగు, దాని తొవ్వ దానికియ్యి," అన్నాను. అతను నన్ను కాసేపు పరిశీలనగా చూశాడు. నా మాట వింటుంటే ఎవరో గుర్తొచ్చినట్టుంది. తల గోక్కుని, "మీరు రాయికోడ్ దిక్కోళ్లా మేడమ్?" అని అడిగాడు.

"అవునన్నా," అన్నాను.